తల వంచిన రెండు నిమిషాలు

మొన్న భాద్రపదంలో నంద్యాలలో ఆయన పోయినప్పుడు, కాల్చాలా పూడ్చాలా అని శవం ముందర రెండు గంటలు వాదులాడుకున్నారు.

వాన పడుతోంది. ఆయన అద్దెకున్న గది ముందు రేకుల పంచ కింద పడుకోబెట్టారు. కోయిలకుంట్ల పక్క పల్లె నుంచి తమ్ముడు వచ్చాడు, ఇద్దరు దాయాదులను వెంటబెట్టుకొని. వాళ్లలో పెద్దవాడు పంచలోకి రాకుండా వానలోనే నిలబడి, "ఆయప్ప కిరస్తానంలో కలిసినాడని ఉద్యోగం తీసేసిరి గదా. ఇప్పుడు మనం కుండ పట్టుకుంటే రేపు మన ఇండ్లల్లో పిల్లనిచ్చేదెవరు?" అన్నాడు.

చర్చికి మనిషిని పంపారు. చర్చి పెద్ద గొడుగు వేసుకొని వచ్చి, వెంట తెచ్చిన పుస్తకం రెండుసార్లు తిరగేసి, "ఈ పేరు ఇందులో లేదప్పా. బాప్తిస్మం తీసుకున్నోళ్లందరి పేర్లూ ఉంటాయి. ఆయన ఒక్క ఆదివారం కూడా మా గుడి మెట్లెక్కలేదు" అన్నాడు.

"మరి ఆళ్లగడ్డలో జనాన్ని పోగేసి ప్రార్థన చేయించినాడని విచారణలో తేలింది గదా?" అన్నాడు దాయాది.

విచారణలో అట్లా తేలింది నా మాట వల్ల. ఆ మాట అన్నవాణ్ణి అక్కడే మూడు గజాల దూరంలో, గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాను. దాయాది అడిగిన ప్రశ్నకు జవాబు నా ఒక్కడి దగ్గరే ఉంది. నోరు తెరవలేదు. చివరికి తమ్ముడే లేచి, "మా యన్న ఏమైనా మా యన్నే. మోసేటోళ్లు మోయండి, పోయేటోళ్లు పోండి" అన్నాడు. దాయాదులు పోయారు. నలుగురం మోశాం. నాలుగో భుజం నాది. దారి పొడుగునా బరువు తెలియలేదు. మనిషి అంతగా ఎండిపోయి ఉన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఆ పేరు పిటిషన్‌లో రాశారు, ఫైల్లో రాశారు, చాలు. ఆళ్లగడ్డలో పిల్లలు పెట్టిన పేరు 'నీడసారు'.

ఆయన 1953లో మా బోర్డు హైస్కూలుకు సైన్సు చెప్పడానికి వచ్చాడు. అప్పటికి నేను అక్కడ నాలుగేండ్లుగా డ్రిల్లు మాస్టరును. టెంపరరీ. ఆయన పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. నడిచేటప్పుడు కళ్లు నేల మీదే. సిగ్గనుకున్నాం మొదట్లో. కాదు, తన నీడ ఎక్కడ పడుతోందో చూసుకునేవాడు. వరండాలో ఎవరైనా కాగితం చదువుకుంటూ ఉంటే, "జరుగుతా ఉండప్పా, నీ కాగితం మింద పడతాండా" అని పక్కకు తప్పుకునేవాడు. నెత్తి కాలే ఎండలో కూడా గొడుగు పట్టేవాడు కాదు. వానకైతే పట్టేవాడు.

టైమెంతని అడిగితే కాళ్ల దగ్గర చూసి చెప్పేవాడు. నేను విజిల్‌తో పాటు గడియారం కూడా పెట్టుకు తిరిగేవాణ్ణి కాబట్టి సరిచూసేవాణ్ణి. ఎప్పుడూ ఎంతో కొంత తేడా. "తప్పింది సారూ" అంటే, "తప్పలేదప్పా. నీ గడియారం యాడిదో పొద్దు చెప్తాది. ఈ ఊరి పొద్దు నడిమికొచ్చేది ఈ నెల్లో పన్నెండుంబావుకు" అనేవాడు.

చొక్కా జేబులో ఒక ఇత్తడి గుండు, దానికి కట్టిన దారం ఉండేవి. గోడ నిట్టనిలువుగా వస్తోందో లేదో చూడటానికి మేస్త్రీలు వేలాడదీసే గుండు అది. మా ఊళ్ల సంగతి తెలిసినవాళ్లు హాస్యమాడేవాళ్లు: "జేబులో గుండు సరే, తుపాకి యాడ దాచినావు సారూ?" ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. దారం పట్టుకొని ఆ గుండును వాళ్ల ముందర వేలాడదీసి, అది ఊగడం ఆగేదాకా చూసి, మళ్లీ జేబులో వేసుకునేవాడు.

ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగేది ఒకటే. "చూసినావా, విన్నావా?" ఒకసారి మా బంట్రోతు పరిగెత్తుకొచ్చి, అహోబిలం దారిలో చిరుతపులి దిగిందన్నాడు.

"చూసినావా, విన్నావా?"

"విన్నా సారూ. మా బామ్మర్ది చెప్పినాడు."

"అయితే బామ్మర్ది చెప్పినాడని చెప్పు. దిగిందనొద్దు."

బంట్రోతు నా వైపు తిరిగి, "ఈ సారు ముందర చచ్చినా చచ్చినామని చెప్పుకొనే దానికి ల్యాదు" అన్నాడు. ఆ రోజు చాలాసేపు నవ్వుకున్నాం. ఆ మాట మీద ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఏటా డిసెంబరు ఇరవై రెండున ఆయన ఒక పని చేసేవాడు. ఏడాది మొత్తంలోకీ చిన్న పగలు అది. ఆ మధ్యాహ్నం నీడ ఏడాది మొత్తంలోకీ పొడుగు. మర్నాటి నుంచి తగ్గుతూ పోతుంది. మైదానంలో టేకు కొయ్య ఒకటి పాతేవాడు. నేలమట్టానికి ఉండాల్సిన చోట కొయ్యకు ఎర్రరంగు గీత, ఆ గీత నుంచి పైకి సరిగ్గా పదడుగులు. ఇత్తడి గుండు పట్టి నాలుగు పక్కలా సరిచూసి మట్టి కూరేవాడు. కొయ్యకు ఉత్తరంగా, నీడ కొన పడే చోట, ఒక నాపబండ పరిచి ఉండేది. ఆ బండ ఇచ్చింది బడి కమిటీ పెద్దాయన. ఊరి చుట్టూ సగం భూములు వాళ్లవి. ఇల్లు కట్టడానికి తెప్పించిన బండల్లో మంచిదే ఏరి పంపించాడు. ఆ మాట కూడా చెప్పాలి.

మధ్యాహ్నం దగ్గరయ్యేకొద్దీ నీడ కొన లోపలికి జరుగుతూ వస్తుంది, ఒకచోట ఆగినట్లు ఉంటుంది, తరువాత బయటికి మళ్లుతుంది. ఆగిన ఆ రెండు నిమిషాల్లో నలుగురూ చూసి, ఇక్కడేనని ఒప్పుకొని, బండ మీద ఉలితో గీత కొట్టాలి. కొబ్బరికాయ లేదు, కుంకుమ లేదు, పాట లేదు. ఉపన్యాసం కూడా ఉండేది కాదు.

మొదటి ఏడు ఆయన తరగతి పిల్లలే ఉన్నారు. రెండో ఏడు వాళ్ల అమ్మానాయనలు వచ్చారు. మూడో ఏడు పొలాలకు పోయేవాళ్లు కూడా మైదానం మీదుగా దారి మళ్లించుకున్నారు. ఊరవతలి పేటలోని కిరస్తానపు ఇండ్ల నుంచి టీచరమ్మ తన చిన్నబడి పిల్లలను వరుసగా నడిపించుకొని వచ్చింది. పురోహితుడు కూడా వచ్చి, "సంక్రాంతికి గదా సారూ ఉత్తరాయణం, నువ్వు మూడు వారాలు ముందే తెస్తాండావే" అన్నాడు. "అది మీ పంచాంగం లెక్క సామీ, ఇది కొయ్య లెక్క. రెండూ ఉండనీ" అన్నాడు సారు. పురోహితుడు నవ్వి, తానూ వంగి చూశాడు.

నాలుగేండ్లలో బండ మీద నాలుగు గీతలు పడలేదు. నాలుగుసార్లు కొట్టినా ఒకే గీత లోతుగా పడింది.

జనం పెరిగేసరికి తోపులాట మొదలైంది. కొన చుట్టూ దుమ్ము లేచేది, ఎవరి కాలో బండ మీద పడేది. నన్ను పిలిచి, "నీ విద్య చూపించప్పా" అన్నాడు సారు. నేను అందరినీ రెండు వరుసలు చేశాను. తూర్పున ఒకటి, పడమర ఒకటి. కొయ్య పక్క ఎవరూ లేకుండా చూశాను. సారు చెయ్యెత్తగానే విజిల్ ఊది, గొంతు చించుకొని అరిచేవాణ్ణి: "అటెన్షన్! నోరు మెదపొద్దు! అందరూ తల వంచి కొన చూడండి!"

తల వంచమన్నది నేను. నోరు మూసుకోమన్నది నేను. ఆ ఆజ్ఞ నాదే.

గీత పడ్డాక సారు తల ఎత్తి, "ఇంగ రేపట్నుంచి పొద్దు మనపక్క" అనేవాడు. ఏటా అదే మాట. తరువాత దుప్పటి పరిచి, ఎవరెవరు ఏం తెస్తే అవి ఒకే కుప్పగా పోసేవాళ్లం. ఎక్కువగా ఉడకేసిన వేరుశనక్కాయలు, మా వైపు బుడ్డలంటాం. చుట్టూ కూర్చొని ఒలుచుకు తింటూ, పెరిగే వెలుతురుతో ఎవరేం చేస్తారో చెప్పుకునేవాళ్లు. పేటలో పత్తి ఏరే ముసలమ్మ ఒకామె ఉండేది, అందరూ అవ్వా అనేవాళ్లు. ఆమె అడిగింది:

"దినానికి ఎంత పెరుగుతాది సారూ?"

"దినానికి తెలీదవ్వా. నెల్లాళ్లకు కలిపి పావుగంట రోంత తక్కువ."

"పావుగంటా! పావుగంటలో ఇంగ నాలుగు చెట్లు ఏరొచ్చు. పెద్దాయనకు చెప్పొద్దండప్పా, నిజంగానే ఏరమంటాడు."

అది 1956. ఆ రోజు ఆ కుప్ప పక్కన పెద్దాయన మనవరాలు కూర్చొని ఉంది. చిన్నపిల్ల, బుడ్డ ఒలవడం చేతకాలేదు. అవ్వ ఒలిచి గింజలు అరచేతిలో పెడితే తింది. ఇంటికి పోయి ఆ సంగతే మురిసిపోతూ చెప్పింది.

వారం తిరగకముందే పిటిషన్ పోయింది. అందులో బుడ్డల సంగతి లేదు. పేట ముసలిది ఒలిచిపెడితే మా పిల్ల తిన్నదని రాస్తే అది రాసినవాళ్లకే చుట్టుకుంటుంది, అంటరానితనం నేరమని చట్టం వచ్చి ఉంది. అందుకని, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు బోర్డు బడి మైదానంలో క్రైస్తవ ప్రార్థనలు జరిపిస్తున్నాడని రాశారు.

విచారణ నంద్యాలలోని ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు. దానికి రెండు రోజుల ముందు పెద్దాయన కబురు పెట్టాడు. పోతే వసారాలో మంచం మీద కూర్చొని ఉన్నాడు. కూర్చోమన్నాడు. మజ్జిగ ఇప్పించాడు.

"ఎన్నేండ్లాయె డ్రిల్లప్పా, నువ్వు టెంపరరీగా ఉండబట్టి?"

"ఎనిమిదో ఏడన్నా."

"పాపం. పిల్లోళ్లు ముగ్గురు గదా?"

"అవునన్నా."

"ఈసారి కమిటీలో నీ కాగితం పెట్టిస్తాండా." మజ్జిగ తాగేదాకా ఆగాడు. "నంద్యాలకు నిన్ను కూడా పిలుస్తారు. నేనేమీ అబద్ధం చెప్పమనడంలా. నా ఇంట్లో ఆ మాటే వద్దు. అడిగినదానికి అవునంటే అవును, కాదంటే కాదు. తోకలు తగిలించొద్దు. అంతే."

అబద్ధం చెప్పమని ఉంటే కాదని లేచి వచ్చేవాణ్ణేమో. ఈ మాట నాలుగేండ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. నమ్మకం లేదు.

బంగళా హాల్లో పొడుగు బల్ల. దాని వెనక విచారణాధికారి, పక్కన రాసుకునే గుమాస్తా. ఎడమ పక్క కుర్చీలో సారు, జేబులో గుండు బరువుకు చొక్కా ఒకవైపు వంగి ఉంది. సారును ముందే అడిగేశారు. నీడ చూడటానికి ఇంతమంది ఎందుకని అధికారి అడిగితే, "ఒకడు చూస్తే మాట సార్. పదిమంది చూస్తే సాక్ష్యం" అన్నాడట. అధికారి విసుక్కొని నన్ను పిలిపించాడు.

"ఇరవై రెండో తేదీ మధ్యాహ్నం మైదానంలో జనం గుమిగూడారా?"

"అవును సార్."

"పేటలోని క్రైస్తవులు ఉన్నారా?"

"ఉన్నారు సార్."

"అందరూ మాట్లాడకుండా, తలలు వంచుకొని నిలబడ్డారా?"

సారు నా వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు. తరగతిలో తెలివైన పిల్లవాణ్ణి లేపి నిలబెట్టినప్పుడు చూసే చూపు అది. జవాబు వస్తుందని తెలిసినవాడి చూపు.

"నిలబడినారు సార్."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలుంటాది సార్."

"తరువాత అందరూ ఒకే చోట కూర్చొని పంచుకొని తిన్నారా?"

"తిన్నారు సార్."

గుమాస్తా కలం గీరుకుంటున్న చప్పుడు వినపడుతోంది. అధికారి సారు వైపు తిరిగాడు. "ఈయన చెప్పిన దాంట్లో అబద్ధమేమైనా ఉందా?"

"లేదు సార్. ప్రతి మాటా జరిగిందే" అన్నాడు సారు. ఒక్క క్షణం ఆగి, "ఇంకేమైనా చెప్పేది ఉందేమో ఆయనను అడగండి సార్" అన్నాడు.

"ఏమప్పా, ఉందా?"

ఉంది. ఒక్క వాక్యం. నీడ కొన నేల మీద పడుతుంది సార్, తల వంచకపోతే కనపడదు. అంతే. నాలుక మీదికి వచ్చింది కూడా. బయట వరండాలో పెద్దాయన చెప్పుల చప్పుడు ఇటు నుంచి అటు పోయింది.

"లేదు సార్" అన్నాను.

సారు నా మీది నుంచి కళ్లు తీసి నేల చూశాడు. కిటికీ ఊచల నీడ బల్ల కాళ్ల దాకా వచ్చి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే నా భార్య అడిగింది, సారుకు ఏమైందని. "ఆడ ప్రార్థన జరిగిందని రాసుకున్నారు" అన్నాను, నేను ఏదో పక్కన నిలబడి చూసినట్లు. ఆమె గరిటె కింద పెట్టింది.

"బుడ్డలు రెండు శేర్లు ఉడకేసి పంపింది నేను గదా. నేను ఏ ప్రార్థనకు ఉడకేసినానో చెప్పు."

నేను తల ఎత్తలేదు. ఆ తరువాత ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఉడకేసిన బుడ్డలు మాత్రం మా ఇంట్లో ఈనాటికీ లేవు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. ఊరు విడిచే రోజు సారు బస్సుకు పోతూ మైదానం దగ్గర ఆగాడు. నేను పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నాను. నన్ను తిడతాడని, లేదా ఏమీ అనకుండా పోతాడని అనుకున్నాను. దగ్గరికి వచ్చి, "కొయ్య లోపల పెట్టించప్పా. వానకు తడిస్తే వంగుతాది" అని పోయాడు.

లోపల పెట్టించలేదు. ఆ వేసవిలో నన్ను పర్మినెంటు చేశారు. వాలీబాల్ నెట్టు కట్టడానికి ఒక గుంజ తక్కువైతే, ఆ కొయ్యనే పాతించాను.

మళ్లీ ఆయనను చూసింది 1959 జనవరిలో. ఆటల పోటీలకు పిల్లలను తీసుకొని నంద్యాల పోయాను. పత్తి మిల్లు గేటు దగ్గర బేళ్లు లెక్క చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. పగలు అక్కడ పని, సాయంత్రం పిల్లలకు పాఠాలు. తప్పించుకు పోదామనుకునేలోపే, "డ్రిల్లప్పా!" అని కేక వేసి, చెయ్యి పట్టుకొని గదికి తీసుకుపోయాడు. చిక్కిపోయాడు. చొక్కా మాత్రం అట్లాగే ఒక పక్కకు వంగి ఉంది.

గది ముందు జాగాలో కొత్త కొయ్య ఒకటి. గోడ మీద సుద్దతో రాసి ఉంది: ఎనిమిది అడుగుల ఒక అంగుళం.

చాప మీద కూర్చున్నాక ఆయన అడిగిన మొదటి మాట, "ఈ యేడు ఆడ ఎంత వచ్చిందప్పా?"

ఆళ్లగడ్డలో రెండేండ్లుగా ఎవరూ నీడ కొలవలేదు. ఆ బండ దగ్గరికి పిల్లలను కూడా పోనియ్యడం లేదు. దానికి 'శిలువబండ' అని పేరు పడింది. ఆ మాట ఈయనకు ఎట్లా చెప్పాలి? అయినా కొయ్య పదడుగులే కదా, పొద్దు ఒకటే కదా. ఎప్పుడూ విజిల్ ఊదడమే తప్ప టేపు పట్టినవాణ్ణి కాదు. గోడ మీద ఉన్నదే చెప్పేశాను.

"ఎనిమిది అడుగుల ఒక అంగుళం సారూ."

ఆయన మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"చూసినావా, విన్నావా?" అన్నాడు మెల్లగా.

నేను గోడ మీది సుద్ద రాత వైపు చూశాను.

"ఇది నంద్యాల నీడప్పా. ఆళ్లగడ్డది ఏడడుగుల పదకొండు ముప్పావు. మన ఊరు ఈడికి దక్షిణం పక్క ఇరవై అయిదు మైళ్లు. ఆ దూరానికి నీడ అంగుళంబావు పొట్టి." అరచెయ్యి బోర్లించి, వంపు తిప్పి చూపించాడు. "భూమి బల్లపరుపుగా ఉండింటే రెండు ఊర్లల్లో ఒకటే వచ్చేది. నాలుగేండ్లు ఆడ కొలిస్తిమి, రెండేండ్లుగా ఈడ నేనొక్కణ్ణే కొలుస్తాండా. ఒకే ఏడు, ఒకే రోజు, రెండు చోట్లా పదిమంది చూస్తే... పిల్లోళ్లకు భూమి గుండ్రమని పుస్తకంలో చదివి చెప్పేది తప్పుతాది. చూసినాం అని చెప్పొచ్చు."

తరువాత అన్నాడు: "ఒక్క ఏడు పాతప్పా ఆడ. నువ్వు ఆడ విజిల్ ఊదు, నేను ఈడ గీత కొడతా."

"అట్లనే సారూ" అన్నాను.

విచారణ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తితే బాగుండుననుకుంటూ బస్సెక్కాను. ఎత్తి ఉంటే తప్పు ఆయన నోట విని, తిట్టించుకొని, తేలికపడి వచ్చేవాణ్ణి. ఆ సౌకర్యం ఆయన నాకు ఇవ్వలేదు.

ఆ డిసెంబరు వచ్చింది. ఇరవై రెండు ఉదయం వాలీబాల్ గుంజ దాకా పోయాను. రోడ్డు మీద పెద్దాయన బండి పోతోంది. ఆయన ఏమీ అనలేదు, చూడను కూడా చూడలేదు. వెనక్కి వచ్చేశాను. నంద్యాలలో సారు ఒక్కడే గీత కొట్టుకొని ఉంటాడు. మరుసటి భాద్రపదంలో పోయాడు. మిగతాది మొదట్లోనే చెప్పాను.

నిన్నటి సంగతి రాసి ముగిస్తాను. నిన్న డిసెంబరు ఇరవై రెండు.

పొద్దున్నే నెట్టు విప్పి కొయ్య పెరికించాను. నాలుగు వానాకాలాలు తడిసి ఎర్రగీత దాదాపు పోయింది, ఆనవాలు మిగిలింది. కొయ్య వంగలేదు. ఇత్తడి గుండు సారు తమ్ముణ్ణి అడిగి తెచ్చుకున్నాను. బండ మీది మట్టి ఊడ్చాను. శిలువబండ అన్న భయానికి దాన్ని ఎవరూ కదిలించలేదు. గీత ఉన్నది ఉన్నట్లే ఉంది.

ఊరంతా నేనే తిరిగి చెప్పాను. పదిహేనుమంది వచ్చారు. టీచరమ్మ పిల్లలతో వచ్చింది. అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. నా భార్య వస్తుందనుకోలేదు. మూటతో వచ్చి దూరంగా కూర్చుంది. పన్నెండు దాటాక రోడ్డు మీద బండి ఆగింది. పెద్దాయన దిగి నడిచి వచ్చాడు. అందరూ బిగుసుకుపోయారు. టీచరమ్మ పిల్లలను దగ్గరికి లాక్కుంది.

"ఏంది డ్రిల్లప్పా, మళ్లా ప్రార్థన మొదలుపెట్టినావా?"

గుండు జేబులో వేసుకొని ఆయన వైపు తిరిగాను. "ప్రార్థన ఎప్పుడూ జరగలేదన్నా. తల వంచమని అరిచింది నేను. కొన నేల మింద ఉంటాది గనక. ఆ మాట నంద్యాలలో మింగినా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈళ్లందరికీ ఈపొద్దు చెప్తాండా."

"పర్మినెంటు అయినంత మాత్రాన..." అని ఏదో అనబోయాడు పెద్దాయన. అవ్వ అడ్డం వచ్చింది.

"రోంత జరుగు నాయనా, బండ మింద నీ నీడ పడతాంది. టైమైపోతాంది."

ఆయన జరిగాడు. ఎందుకు జరిగాడో తెలియదు. యాభై ఏండ్లుగా ఆమె ఆయన చేలల్లో పత్తి ఏరుతోంది, ఆమె జరగమనడం ఆయన వినడం అదే మొదలయి ఉంటుంది. నేను విజిల్ ఊదాను. నోరు మెదపొద్దని అరవలేదు. అవసరం లేకపోయింది. కొన మెల్లగా లోపలికి వచ్చి, పాత గీత మీద ఆగింది. తాను ఇచ్చిన బండ మీద అది ఎక్కడ ఆగిందో చూడాలని పెద్దాయనకు కూడా అనిపించిందేమో. వంగాడు. అంతమందితో పాటు, నోరు మెదపకుండా, తల వంచుకొని నిలబడ్డాడు. ఆ వెంటనే వెనక్కి తిరిగి బండెక్కి పోయాడు. అది రేపు నాకు ఏం తెస్తుందో తెలియదు.

ఆయన తల వంచిన సంగతి పరిహాసానికి రాయడం లేదు. చూసినదాన్ని సగం చెప్పి ఒకసారి మనిషిని పోగొట్టుకున్నాను కాబట్టి, మొత్తం రాస్తున్నాను.

నంద్యాల, సారు తన చేత్తో సుద్దతో రాసింది: ఎనిమిది అడుగుల ఒక అంగుళం.

ఆళ్లగడ్డ, నిన్న మధ్యాహ్నం: ఏడడుగుల పదకొండు ముప్పావు అంగుళాలు. విన్నది కాదు. టేపు నేనే పట్టాను, పదిహేనుమంది చూశారు.